పగలని అద్దం

పసుపు హెల్మెట్టు బీరువా మీద ఉంది. దాన్ని పెట్టుకునే మనిషి మార్చురీలో ఉన్నాడు.

పత్తేదారు దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కింద నుంచే చూశాడు. పైన దుమ్ము లేదు. గడ్డం కింది పట్టీ చెమటకు నల్లబడి ఉంది. రోజూ వాడిన వస్తువు.

"ఇక్కడెందుకుంది?" అన్నాడు.

"ఆయనే పెట్టాడన్నయ్యా," అంది చెల్లెలు. "పాత బిల్డింగుకి వెళ్ళేటప్పుడల్లా ఇక్కడ పెట్టి వెళ్తాడు. తిరిగొచ్చి తీసుకుంటాడు. మొన్న తిరిగి రాలేదు."

ఆమె ఈ కొత్త బిల్డింగు మూడో అంతస్తులో టైపిస్టు. పత్తేదారుకు ఒక్కతే చెల్లెలు. నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అలాంటిది నిన్న పొద్దున్నే అన్న ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది. "అద్దాలాయన పెచ్చు పడి పోయాడని రాసేస్తున్నారు. రాసేది మీ బావే. నేను నమ్మను. నువ్వొచ్చి చూడు." అంత చెప్పి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

అద్దాలాయన అంటే సర్వే ఇంజనీరు. ప్రభుత్వ ఆఫీసుల పాత కట్టడాలన్నీ తిరిగి చూసి, వచ్చే ఇరవై ఏళ్ళలో దేన్ని బాగు చెయ్యాలో, దేన్ని పడగొట్టి కొత్తది కట్టాలో చెప్పడం ఆయన ఉద్యోగం. గోడ బీటవేసిన చోటల్లా బీటకు అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటు ముద్దతో అతికించేవాడు. ముద్ద తడి ఆరకముందే మేకుతో దాని మీద తారీఖు గీసేవాడు. గోడ కదిలితే గాజు పగులుతుంది. కదలకపోతే పగలదు. విద్య అంతే. ఆయన హాల్లోకి అడుగుపెడితే చాలు, గుమాస్తాలు "అద్దాలాయన వచ్చాడు, జుట్టు దువ్వుకోండర్రా" అని నవ్వుకునేవాళ్ళు.

మొన్న మధ్యాహ్నం అందరూ భోజనాల్లో ఉండగా పాత బిల్డింగు రికార్డు గదిలో పైకప్పు కూలింది. దాని కింద ఆయన దొరికాడు. నిన్న పాత బిల్డింగును ఖాళీ చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. మనుషులూ, ఫైళ్ళూ, ఇనప బీరువాలూ అన్నీ ఈ కొత్త బిల్డింగుకు చేరుతున్నాయి. పొద్దుట్నుంచీ అదే చప్పుడు. మెట్ల మీద బీరువాలు ఎక్కుతున్నాయి. నేల మీద ఈడుస్తుంటే కుర్చీలో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దాకా వణుకు వస్తోంది.

"మొన్న వెళ్ళేముందు ఏం జరిగింది?"

"ఫోనొచ్చింది. భోజనానికి లేస్తున్నాం అప్పుడే. నా బల్ల పక్కనే నిలబడి మాట్లాడాడు. 'ఇన్నాళ్ళకు ఒప్పుకున్నారు సార్, అదే సంతోషం. రండి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తా' అన్నాడు. టోపీ తీసి అక్కడ పెట్టాడు. ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు."

"సార్ అంటే ఎవరు?"

"ఆయనకు అందరూ సార్లేనన్నయ్యా. అటెండరును కూడా సార్ అనేవాడు."

"కూలిపోయే కట్టడంలోకి బోడి నెత్తితో వెళ్ళాడా?"

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అదే తిరకాసు. పాతదాంట్లో బోడి నెత్తే. ఇందులోకి రాగానే టోపీ పెట్టి పట్టీ బిగించేవాడు. కుర్చీలో కూర్చున్నా తీసేవాడు కాదు. 'ఏం సార్, మీదంతా తలకిందుల యవ్వారం' అన్నానొకసారి."

"ఏమన్నాడు?"

"'ముసలాళ్ళు మూలిగి మూలిగి, నలుగురికీ చెప్పి చస్తారమ్మా. కుర్రాళ్ళు చెప్పాపెట్టకుండా పోతారు. నాకు కుర్రాళ్ళంటేనే భయం' అన్నాడు. హాలంతా నవ్వింది."

పత్తేదారు నవ్వలేదు. ఆ మాటను మనసులో ఒక మూల పెట్టుకున్నాడు. అర్థమైందని కాదు. అర్థం కాలేదని.

చెల్లెలి కుర్చీ వెనకాల ఒక స్తంభం. స్తంభం గోడను కలిసే చోట నిలువునా సన్నటి బీట. బీట మీద మూడు గాజు ముక్కలు, ఒకదాని కింద ఒకటి. పై రెండింటి మీదా వెంట్రుక అంటుకున్నట్టుంది. గోటితో గీకాడు. వెంట్రుక కాదు. గాజే రెండయింది. ముక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడోది కొత్తది, పగల్లేదు.

"ఇవి పగిలాయే?"

"పాత బిల్డింగులో ఇంకా ఘోరమటన్నయ్యా, ఒక్కటీ మిగల్లేదట. ఇవేమో బీరువాలు తగిలి ఉంటాయంటారు. కొత్త కట్టడం కాస్త కుదురుకోవడం మామూలేనని ప్లానింగు ఆఫీసరు గారు కూడా చెప్పారు. ఆ మూడోది మొన్న పొద్దున పెట్టాడు. దాన్ని మాత్రం ఎవరినీ తాకనివ్వకమ్మా అని నాకు అప్పజెప్పాడు."

"ఇవాళ పెందలాడే ఇంటికి వెళ్ళిపో."

"ఎలా వెళ్తాను? పాత ఫైళ్ళన్నీ ఇవాళే సర్దెయ్యాలిట."

పత్తేదారు బయటికి నడిచాడు. హాలుకు ఉన్నది ఒకే తలుపు. అక్కడ వడ్రంగి ఒకడు గొంతుక్కూర్చుని చిత్రిక పడుతున్నాడు. తలుపు అంచు నుంచి చెక్క పొరలు చుట్టలు చుట్టుకుని రాలుతున్నాయి.

"వానకు ఉబ్బిందా?"

"వానెక్కడిదండీ, నోరెండి చస్తుంటే!" అన్నాడు వడ్రంగి తలెత్తకుండా. "నెల తిరక్కుండా ఇది మళ్ళీ నా మెడకే చుట్టుకుంది. గీసి పోతాను, వారానికి మళ్ళీ బిగుసుకుంటుంది. ఇంకాస్త గీశానంటే తలుపు పోయి కిటికీ రెక్క మిగుల్తుంది."

*

పాత బిల్డింగు ఆవరణకు అవతలి కొసన ఉంది. మూరెడు మందం గోడలు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. రికార్డు గది గుమ్మంలో చెల్లెలి మొగుడైన ఇన్‌స్పెక్టరు నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"రావయ్యా బావా, రా. పంపించేసింది కదూ మీ చెల్లెలు? రెండ్రోజులుగా ఇంట్లో నాకు మాటల్లేవు. కంచం పెడుతోందో, నా మొహాన కొడుతోందో తెలీడం లేదు."

"నువ్వు ఏం రాశావు బావా?"

"ఉన్నది రాశాను. ముసలి కట్టడం. పెచ్చు ఊడింది. కింద మనిషున్నాడు. పోయాడు. ఇందులో పత్తేదారుకు ఏం పని? సాయంత్రానికి మూసేస్తున్నాను. నువ్వు పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి ఇంకో నాలుగు రోజులు సాగదీస్తే పై వాళ్ళకు నేను జవాబు చెప్పుకోలేను."

పత్తేదారు అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళాడు. పైన దూలాల నడుమ పెద్ద కన్నం. కింద సున్నం పెచ్చులు, ఇటుక ముక్కలు, తెల్లటి పొడి. గోడకు ఆనించిన బీరువా ఒక్కటే మిగిలింది. నేల మీద పోలీసులు సుద్దతో గీసిన మనిషి బొమ్మ.

"ముందుగా వచ్చిందెవరు?"

"ప్లానింగు ఆఫీసరు. చప్పుడు వినగానే భోజనం వదిలేసి పరిగెత్తాడు. మిగతావాళ్ళు వచ్చేసరికి ఒట్టి చేతుల్తో పెచ్చులు లాగేస్తున్నాడు పాపం. నెత్తి నుంచి కాళ్ళ దాకా సున్నమే. వేళ్ళన్నీ గీసుకుపోయాయి. ఏడ్చాడు బావా. కళ్ళారా చూశాను."

"భోజనం దగ్గర ఆయన్ని చూసిందెవరు?"

"ఎవరు చూడాలి? ముద్దలు లెక్కపెట్టడానికి మనిషిని పెట్టుకుంటారా? పెద్దమనిషాయన."

"ఊఁ." పత్తేదారు మోకాళ్ళ మీద వంగాడు. "ఈ సుద్ద గీత దేని మీద గీశావు?"

"నేల మీద."

"నేల ఏదీ?"

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. గీతకు ఇవతలా సున్నం పొడే, అవతలా సున్నం పొడే. వేలితో తోస్తే కింద గచ్చు తేలింది.

"నిలబడ్డ మనిషి మీద కప్పు పడితే, పొడి మనిషి మీద ఉండాలి. మనిషి కింద ఎందుకుంది బావా? ముందు పొడి పడింది. మనిషి తర్వాత పడ్డాడు."

"శవాన్ని లేపినప్పుడు అటూ ఇటూ జారి పడి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఠక్కున. "ఇలాంటివి కోర్టులో నిలబడవు. ఇంకేమైనా ఉంటే చెప్పు."

మాట నిజమే. పత్తేదారు ఒప్పుకున్నట్టు తలూపాడు. మూలనున్న స్టూలు లాక్కుని ఎక్కి, కన్నం అంచుల్ని తడిమాడు. గానుగ సున్నం రాయిలా ఉంది. అంచు పొడవునా వేలు పట్టేంత గంట్లు, ఒకే వెడల్పువి.

"గునపం," అన్నాడు.

"శవాన్ని తియ్యడానికి మా వాళ్ళు వాడి ఉంటారు."

"శవం కిందుంటే మీ వాళ్ళు పైకప్పు తవ్వారా?"

ఇన్‌స్పెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. "నీతో ఇదే బావా. అందరికీ అన్నం కనిపిస్తే నీకు రాయి కనిపిస్తుంది. సరే, ఇటు రా. వరండాలో చూడు. ఈ కట్టడం కదలడం లేదంటావా?"

వరండా గోడ పొడవునా అద్దాలాయన గాజు ముక్కలు. ఒక్కటీ నిలవలేదు. సిమెంటు ముద్దలు మాత్రం గోడను పట్టుకుని ఉన్నాయి, పన్నూడిన చిగుళ్ళలా.

"ఇదిగో సాక్ష్యం. ఆయన పెట్టిన అద్దాలే చెబుతున్నాయి."

పత్తేదారు ఒక ముద్ద దగ్గర కళ్ళు పెట్టాడు. మిగిలిన కాస్త గాజులో చీలికలు నడుమ నుంచి నలువైపులకీ సాలెగూడులా పాకాయి. తక్కినదంతా నేల మీద పలుకులు పలుకులుగా పడి ఉంది. ఇంకోటి చూశాడు. అదీ అంతే. మరొకటి. అంతే. పత్తేదారుకు చెల్లెలి కుర్చీ వెనక చూసిన వెంట్రుక గుర్తొచ్చింది. అక్కడ గాజు చీలింది గానీ రాలలేదు.

"పగలడంలో ఇన్ని రకాలుంటాయా బావా?"

"పగిలింది పగిలిందే. నువ్వు మరీను!"

అప్పుడే అటెండర్లు తాళ్ళతో వచ్చారు. "ఆఖరి బీరువా సార్. లారీ ఎదురు చూస్తోంది," అంటూ రికార్డు గదిలోకి దూరారు. ఇనుము గచ్చు మీద కీచుమంది. బీరువా జరిగింది. వెనక గోడ బయటపడింది.

"ఆగండి," అన్నాడు పత్తేదారు.

గోడ మీద బీట ఒకటి నేల నుంచి పైకి పాకి, తిన్నగా ఆ కన్నంలోకి వెళ్ళింది. మనిషి ఎత్తులో, బీటకు అడ్డంగా ఒక గాజు ముక్క. ఎవరి చెయ్యీ తగలకూడదని బీరువా చాటున అతికించినది. ముద్ద మీద మేకుతో గీసిన తారీఖు నిరుటిది.

గాజు చెక్కుచెదరలేదు. మీద మాత్రం సన్నగా దుమ్ము.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి, గాజును వేలితో మెల్లగా నొక్కి చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ గోడ కదిలి కప్పు పడితే, అన్నిటికంటే ముందు పగలాల్సింది ఇది," అన్నాడు పత్తేదారు. "ఏడాదిగా ఇది వెంట్రుకవాసి కూడా కదల్లేదు బావా. ముసలాడు రాయిలా ఉన్నాడు. కప్పును ఎవరో గునపంతో లాగారు. వరండాలో ఉన్నవాటిని సుత్తితో కొట్టారు. బీరువా అడ్డం ఉండి దీన్ని చూసుకోలేదు."

"ఎవరు?"

"అద్దం పగిలితే దాని అర్థం ఏమిటో తెలిసినవాడు. కానీ గోడ కదిలినప్పుడు అద్దం ఎలా పగులుతుందో ఏనాడూ దగ్గరికెళ్ళి చూడనివాడు. కాగితం మీద మాత్రమే చదివినవాడు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. అతనికి కోపం వచ్చింది. బావ మీదో, తన మీదో తెలియలేదు.

"ప్లానింగు ఆఫీసరు గది ఎక్కడ?" అడిగాడు పత్తేదారు.

"కొత్త బిల్డింగులో, కిందనే. కానీ ఇప్పుడక్కడ లేడు. సామాను దింపేది దగ్గరుండి చూసుకోవాలని నిన్నట్నుంచీ గేటు దగ్గర వాచ్‌మన్ షెడ్డులో బల్ల వేయించుకున్నాడు. పనంటే ప్రాణం ఆయనకు."

*

షెడ్డుకు రేకు కప్పు. లోపల కొలిమిలా ఉంది. ప్లానింగు ఆఫీసరు చొక్కా వీపుకు అంటుకుపోయింది. వేళ్ళకు పట్టీలున్నాయి. గోడకు పెద్ద పటం తగిలించి ఉంది. పటం మీద ఊళ్ళోని ఆఫీసు కట్టడాలన్నీ గీసి, ఒక్కోదాని మీద ఒక్కో రంగు గుండుసూది గుచ్చారు.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడాయన. మెత్తటి గొంతు. "పోయినాయన నాకు తమ్ముడి లాంటివాడు. ఏం కావాలన్నా అడగండి."

"ఈ రంగులేమిటండి?"

"ఇరవై ఏళ్ళ లెక్క బాబూ. ఎరుపు పడగొట్టాల్సినవి. పసుపు బాగు చెయ్యాల్సినవి. ఆకుపచ్చ ముట్టుకోనక్కర్లేనివి. కట్టడాలూ మనుషుల్లాంటివే. ఎవరికి మందు, ఎవరికి మంచం, ఎవరికి పాడె, ముందే ఆలోచించి పెట్టుకోవాలి. లేకపోతే అన్నీ ఒక్కసారే మీద పడతాయి."

"పాత బిల్డింగుకు ఎరుపు గుచ్చారు."

"చూశారుగా ఏమైందో!"

"కొత్తదానికి ఆకుపచ్చ."

"అది నా చేతుల మీద లేచింది. పునాది నుంచీ నేనే దగ్గరుండి కట్టించాను."

పత్తేదారు పటం దగ్గరికి వెళ్ళాడు. ఆకుపచ్చ సూది పక్కనే ఇంకో చిన్న చిల్లు ఉంది. "ఇక్కడ ముందు వేరే సూది ఉండేదా?"

ఆఫీసరు నవ్వాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "పోయినాయన సరదా మనిషి. ఒకసారి ఎర్రది గుచ్చి వెళ్ళాడు. నేను తీసేశాను."

"మొన్న భోజనాల వేళ ఆయనకు ఫోన్ చేసింది మీరేనా?"

"నేనా? లేదే."

"'ఒప్పుకున్నారు సార్, సంతోషం' అన్నాడట."

"ఎవరితో అన్నాడో! ఆయనకు అందరూ సార్లే కదండీ."

తడబాటు లేదు. ఇన్‌స్పెక్టరు గుమ్మం దగ్గర నిలబడి, 'చూశావా' అన్నట్టు బావ వైపు చూశాడు. బయట లారీ వచ్చి ఆగింది. ఆఖరి బీరువాను దింపుతున్నారు. పత్తేదారు అటు చూశాడు. కొత్త బిల్డింగు అద్దాల కిటికీలతో తళతళలాడుతోంది. షెడ్డులోనేమో ఫ్యాను కూడా లేదు. ఎండలో కాలిన రేకు తల మీద టపటపమంటోంది. పని మీద ప్రాణం ఉన్నవాడు లారీ దగ్గర నిలబడాలి. ఈయన కుర్చీ లారీకి వీపు పెట్టి ఉంది. మొహం బిల్డింగు వైపు ఉంది.

"ఇక్కడ ఉడికిపోతున్నాం," అన్నాడు పత్తేదారు. "పదండి సార్, పైకెళ్ళి మాట్లాడుకుందాం. మా చెల్లెలు టీ తెప్పిస్తుంది. అక్కడ స్తంభం మీద అద్దాలున్నాయి. అవి ఎలా పగిలాయో మీరే నాకు చెప్పాలి."

"తప్పకుండా. సాయంత్రం వస్తాను. ఇక్కడ సామాను..."

"మా బావ చూసుకుంటాడు."

"మోకాళ్ళ నొప్పి బాబూ. మూడంతస్తులు ఎక్కలేను."

"అయితే కిందనే, మీ గదిలో కూర్చుందాం. ఫ్యానుంది."

"ఆ గది నిండా ఫైళ్ళు."

"పోనీ, పోర్టికో నీడలో నిలబడదాం. నాలుగు మాటలు."

ప్లానింగు ఆఫీసరు లేవలేదు. కణతల మీద నుంచి చెమట ధారగా కారుతోంది. తుడుచుకోలేదు. తేలు కుట్టిన దొంగలా కుర్చీకి అతుక్కుపోయాడు.

"ఏంటి బావా ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పెద్దాయన్ని పట్టుకుని..."

"ఈయన్ని అరెస్టు చెయ్యకు బావా," అన్నాడు పత్తేదారు మెల్లగా. "చెయ్యి పట్టుకుని ఆ బిల్డింగు లోపలికి తీసుకెళ్ళు. అంతే చాలు."

ఇన్‌స్పెక్టరుకు అర్థం కాలేదు. అయినా మూడడుగులు వేసి ఆయన మోచెయ్యి పట్టుకుని లేపాడు. ఆఫీసరు రెండు చేతుల్తో బల్ల పట్టుకున్నాడు. బల్ల ఆయనతో పాటే కీచుమంటూ జరిగింది. గుమ్మం దాకా రాగానే మెత్తటి గొంతు పోయింది. లోపలి నుంచి వేరే గొంతు వచ్చింది.

"వద్దు! లోపలికి వద్దు! నన్నిక్కడే కొట్టండి, లోపలికి మాత్రం వద్దు!"

అటెండర్లు లారీ మీద నుంచి చూస్తున్నారు.

పత్తేదారుకు అప్పుడు హెల్మెట్టు కనిపించింది. బీరువా మీద కాదు, అద్దాలాయన నెత్తిన. కుర్చీలో కూర్చున్నా తియ్యని హెల్మెట్టు. కుర్రాళ్ళు చెప్పాపెట్టకుండా పోతారు. ఊడిపడుతుందని అందరూ భయపడ్డ కట్టడంలో ఆయన ఈల వేసుకుంటూ తిరిగాడు. అందరూ నిశ్చింతగా కూర్చున్న కట్టడంలో గడ్డం కింద పట్టీ బిగించుకున్నాడు. పైన పటారం, లోన లొటారం. ఎర్ర సూది గుచ్చింది సరదాకు కాదు.

"ఎన్నాళ్ళుగా కదులుతోంది?" అన్నాడు.

"పూడ్చిన నేల," అన్నాడు ఆఫీసరు. నేల మీద చతికిలబడ్డాడు. "కింద పాత గొయ్యి ఉంది. కుదురుకుంటుందనుకున్నాను. ప్రతి ఏడూ కుదురుకుంటుందనే అనుకున్నాను. వాడేమో పటం తిరగెయ్యమన్నాడు. కొత్తదాన్ని ముందు ఖాళీ చేయించండి, పాతదాంట్లో ఇంకో యాభై ఏళ్ళు కూర్చోవచ్చు అన్నాడు. ఒప్పుకున్నానని మొన్న నేనే ఫోన్ చేసి పిలిచాను. నా పేరు చెక్కిన రాయి ఉంది దాని గుమ్మంలో. నా పేరు..."

"తెలిసీ పాత బిల్డింగు బరువంతా దాంట్లోకి ఎక్కించావా?" అన్నాడు పత్తేదారు.

ఆయన బిల్డింగు వైపు చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి జారిపోయింది. అతని మొహంలో పోలీసు పోయాడు. మొగుడు మిగిలాడు.

"బావా, అది పైనే ఉంది," అన్నాడు. "పైనే ఉంది బావా."

ఆ మాట పూర్తి కాకముందే అతను పరిగెత్తుతున్నాడు. "దింపెయ్యండి! బీరువా అక్కడే వదిలెయ్యండి! అందర్నీ బయటికి రమ్మనండి!" అని అరుస్తున్నాడు. కింది అంతస్తులవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు. ఎవరో నవ్వారు కూడా.

పత్తేదారు ఫోన్ తీశాడు. చెల్లెలు వెంటనే ఎత్తింది.

"నేనే చేద్దామనుకుంటున్నా అన్నయ్యా. ఏంటా గోల? మీ బావేనా అరుస్తున్నది?"

"అన్నీ వదిలెయ్యి. అందర్నీ తీసుకుని కిందికి దిగు. పరిగెత్తకండి, తోసుకోకండి. దిగండి."

"ఎలా దిగుతాం? తలుపు రావడం లేదు."

"వడ్రంగి ఉన్నాడుగా?"

"లోపలే ఉన్నాడు. పని అయిపోయింది, వేసి చూస్తానని వేశాడు. ఇక అంతే, బిగుసుకుపోయింది. నలుగురు కలిసి లాగుతున్నారు. ఇది తలుపు తప్పు కాదమ్మా, ద్వారబంధమే ఒరిగిందంటున్నాడు."

పత్తేదారు అప్పటికే నడుస్తున్నాడు. ఆ వయసులో పరుగు రాదు. అయినా నడక పరుగైంది.

"గొడ్డలి గానీ సుత్తి గానీ ఉందేమో అడుగు. తలుపు పగలగొట్టమను. మీ ఆయన మెట్లెక్కి వస్తున్నాడు, బయట నుంచి కొడతాడు. నువ్వు ఆ స్తంభం దగ్గర నుంచి ఇవతలికి రా. బీరువా మీద హెల్మెట్టు ఉంది, అది పెట్టుకో."

"పెట్టుకుంటున్నా," అంది. ఫోనులో వెనక ఎవరివో కేకలు, తలుపు మీద గుద్దులు వినిపించాయి. ఆ చప్పుళ్ళ నడుమ చిన్నగా, చాలా చిన్నగా, టిక్కుమంది.

"ఏమిటది?" అన్నాడు.



"మూడో అద్దం," అంది. "ఎవరూ ముట్టుకోలేదన్నయ్యా."